2జేజడ్, ఎల్ఎస్ ఇంజన్లలో ఏది ఎంచుకోవాలి?

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ నిస్సాన్ 240ఎస్ఎక్స్‌లో టయోటా వారి 2జేజడ్-జీటీఈ బిగించాలా, జనరల్ మోటార్స్ వారి ఎల్ఎస్ వి8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్నది) బిగించాలా అని అడిగావు. అమెరికా ఇంజన్ మోటుదనీ, జపాన్ ఇంజన్ పనితనం గలదనీ అక్కడి కుర్రాళ్లు చెప్పుకునే మాటను పక్కన పెట్టు. శక్తి పెంచుతూ పోతే ఏ భాగం ముందుగా చేతులెత్తేస్తుంది, ఆ రోజున మరో ఇంజన్ ఎంతకు దొరుకుతుంది అన్నవే నువ్వు చూడవలసినవి.

2జేజడ్ బలమంతా దాని అడుగుభాగంలో ఉంది. పోత ఇనుప బ్లాకు, సాగగొట్టి చేసిన (ఫోర్జ్‌డ్) క్రాంక్‌షాఫ్ట్, దాన్ని మోసే ఏడు మెయిన్ బేరింగులు ఉండటం వల్ల, 1993 నుంచి 1998 వరకు అమెరికాలో అమ్మిన సుప్రాలో 320 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ మూడు లీటర్ల ఇంజన్, గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెట్టే పెద్ద టర్బో, తగినంత ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, సరైన ట్యూనింగ్ ఉంటే పిస్టన్లు మార్చకుండానే దాదాపు రెట్టింపు శక్తిని తట్టుకుంటుంది. అయితే ఆ టర్బో ఊపందుకునేదాకా లాగుడు పలచగానే ఉంటుంది. పైగా పేరు పెరిగిన కొద్దీ ధరా పెరిగింది.

ఎల్ఎస్ 1997 కార్వెట్‌తో వచ్చింది, 5.7 లీటర్లకు 345 హార్స్‌పవర్. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే, సిలిండర్‌కు రెండే వాల్వులు అని తీసిపారేస్తారు గానీ, సిలిండర్లకు పైమూతల్లా ఉండే హెడ్‌ల మీద క్యాములు లేనందువల్లనే అది పొట్టిగా ఉండి బానెట్ కింద ఇముడుతుంది. క్యామ్‌ను, దానికి తగ్గ వాల్వు స్ప్రింగులను మారిస్తే టర్బో లేకుండానే శక్తి బాగా పెరుగుతుంది.

ఇదే కుటుంబానికి చెందిన 5.3 లీటర్ల ఇనుప బ్లాకు ఇంజన్లు పికప్ ట్రక్కుల నుంచి జంక్‌యార్డులకు విరివిగా చేరుతున్నాయి. నీకిది మొదటి ప్రయత్నం కనుక నా ఓటు దానికే. దాని బలహీనత పోత పిస్టన్లు. టర్బో వేడికి పిస్టన్ చుట్టూ ఉండే రింగుల కొసలు వ్యాకోచించి ఒకదానికొకటి ఆనుకుంటే, పిస్టన్‌లో రింగు కూర్చునే అంచు విరుగుతుంది. అందుచేత టర్బో పెట్టదలిస్తే, ముందే పిస్టన్లు బయటికి తీయించి, రింగుల కొసలను ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతిసారీ సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో సందు కొలిపించు.

కాలిఫోర్నియాలోనైతే కారు కన్నా పాత ఇంజన్ బిగించనివ్వరు. మీ రాష్ట్రపు ఉద్గార నిబంధనలు ముందే కనుక్కో. డబ్బు చెల్లించే ముందు సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తుందో చూసే కంప్రెషన్ పరీక్ష, ఎంత గాలి కారిపోతుందో చూసే లీక్‌డౌన్ పరీక్ష చేయించి, ఆ అంకెలు నాకు పంపు.

ఇట్లు,
మీ మామయ్య