చేపల చదువు చదివితే చెరువుని తప్పుపట్టినట్టా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర మాకు చేపల చెరువు ఉంది. అమ్మాయి ఇంటర్ బైపీసీ. బీఎఫ్‌ఎస్సీ (చేపల శాస్త్రంలో డిగ్రీ) చేసి, ఏటి చేపకీ చెరువు చేపకీ ఒంటి తీరులో, పోషకాల్లో తేడా ఏంటో తేలుస్తానంటోంది. చెరువు తాకట్టు పెట్టయినా విదేశాల్లో ఎంబీబీఎస్‌కి పంపాలని నా కోరిక. ఏది మంచిది?

జవాబు: అయ్యా, మీరు అడిగింది చదువుల సంగతే. కానీ కూతురే రేపు మన చేప మంచిది కాదంటుందేమోనన్న భయం మీ మాటల్లో కనిపిస్తోంది. కైకలూరు, ఉండి వైపు నుంచి ఇదే దిగులుతో చాలామంది నాన్నలు నా దగ్గరికొచ్చారు.

టెన్షన్ పడకండి. మాంసకృత్తుల్లో రెండిటికీ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా కొవ్వు దగ్గరే. ఏటి శీలావతి (రోహు చేప) తిండి వెతుక్కుంటూ ఈదుతుంది, కండ గట్టిపడుతుంది, కొవ్వు తక్కువ. మీ చెరువులో శీలావతి మేత నింపి కట్టిన చిల్లుల సంచి దగ్గరే తవుడూ చెక్కా తిని కొవ్వు పడుతుంది. ఆ మేతలో ఒమేగా-3 అనే మంచి కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి కొవ్వులో దాని వాటా తగ్గుతుంది. ఏటి చేపలన్నీ ఇలాగే ఉంటాయనీ కాదు, పులస సముద్రంలో పట్టిన కొవ్వుతోనే గోదారికి ఎదురీదుతుంది. ఏటి చేప మేత ఎవరి చేతిలోనూ లేదు. మీ చేప మేత మీ చేతిలో ఉంది. అది మారిస్తే కండలో కొవ్వు తీరూ మారుతుంది. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది ఇదే.

విదేశీ ఎంబీబీఎస్ మీద నాకు నమ్మకం తక్కువ. పక్కింటివాళ్ళు పంపారని పంపేవాళ్ళే ఎక్కువ. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్ళకి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష) గట్టెక్కాలి, ఆపైన ఇంటర్న్‌షిప్. ఆ పరీక్ష రెండుసార్లు పోయి, నాన్న ముఖం చూడలేక నా ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలున్నారు. అమ్మాయి అడగని చదువు కోసం, ఆమెని ఇంతదాకా పెంచిన చెరువుని తాకట్టు పెడతారా? ఇది ప్రేమ అనుకుంటున్నారేమో, పిల్ల నెత్తిన అప్పు పెట్టడం అవుతుంది.

బీఎఫ్‌ఎస్సీ నాలుగేళ్ళు. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాలేజీ ఉంది. పీజీకి ముంబై సీఐఎఫ్‌ఈ (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) ఉంది, దాని కేంద్రం ఒకటి మన కాకినాడలోనే ఉంది. మేత కంపెనీలు, హేచరీలు, ల్యాబులు, మత్స్యశాఖ అన్నీ ఈ చదువుకి దారులే. మొదటి జీతం సాఫ్ట్‌వేరంత ఉండదు, అది ముందే చెబుతున్నాను.

ఈసారి పట్టుబడి రోజు అమ్మాయిని గట్టు మీదికి తీసుకెళ్ళండి. ఒక శీలావతిని కోసి, పేగుల చుట్టూ పేరుకున్న తెల్లటి కొవ్వు చూపించి, అదెలా వచ్చిందో ఆమెనే అడగండి.