ఉగ్రవాద కేసులో శిక్ష పడేదాకా బాధితులు పరిహారానికి ఆగాలా?

అక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ కేసే చూడండి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాపు దగ్గర ఒకటి, మిర్చి సెంటర్ దగ్గర ఒకటి, సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలాయి. దర్యాప్తు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏకి వెళ్లింది. ఉగ్రవాద కేసులకు వాడే ఉపా చట్టం (యూఏపీఏ) కింద కోర్టు కేసు చేపట్టాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. దాన్ని హైకోర్టు ఖరారు చేయాల్సిందే, అది 2025 ఏప్రిల్‌లో గానీ జరగలేదు. పన్నెండేళ్లు! కాలు పోయిన మనిషి అన్నాళ్లు ఎలా ఆగుతాడు? అందుకే పరిహారానికి దారి వేరే ఉంది. మరణానికి గానీ, 50 శాతం, ఆపైన వైకల్యానికి గానీ కేంద్ర పథకం కింద 5 లక్షలు ఇస్తారు. కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థనూ అడగండి. ఆసుపత్రి కాగితాలు, ఎఫ్‌ఐఆర్ నకలు మాత్రం ఒక్కటి కూడా పారేయకండి.