అమ్మకు తోడుగా పిల్లి మేలా, కుక్క మేలా?

ప్రశ్న: నాన్న పోయి ఏడాదయింది. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. 70 దాటాయి, మోకాళ్ల నొప్పులు. రెండు గేదెలు, ఇరవై దాకా నాటుకోళ్లు, గది నిండా ధాన్యం బస్తాలు. నేను హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు వచ్చిపోతుంటాను. తోడుకూ కాపలాకూ లాబ్రడార్ పిల్లను తెస్తానంటే అమ్మ వద్దంటోంది, ఎలుకలకు పిల్లి ఉంటే చాలంటోంది. ఎలాగూ వీధికుక్క ఒకటి రోజూ గంజికి వచ్చి అరుగు మీదే పడుకుంటోంది. ఏది తెమ్మంటారు?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: లాబ్రడార్ వద్దండీ. తెచ్చేది మీరు, చాకిరీ చేయాల్సింది అమ్మ. పిల్లగా ఉన్నప్పుడు రోజుకు మూడు నాలుగుసార్లు తిండి, ఇల్లంతా తడి. ఏడాది తిరిగేసరికి పాతిక ముప్పై కిలోలవుతుంది. ముద్దుకే మీదికి ఎగిరినా మోకాళ్ల నొప్పులున్న మనిషి కింద పడుతుంది. మీ ఖమ్మం ఎండలకు అది రొప్పుతూనే ఉంటుంది. పైగా కాపలా అంటున్నారు, దొంగొచ్చినా తోకూపే రకం అది.

పిల్లి విషయంలో అమ్మ మాటే సబబు. దానికి గొలుసక్కర్లేదు, తిప్పక్కర్లేదు. అయితే ఎలుకల్ని పడుతుంది గానీ పందికొక్కుల జోలికి చాలా పిల్లులు పోవు. కాబట్టి బస్తాల్ని చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. పిల్లి వచ్చాక గదిలో ఎలుకల మందు పెట్టొద్దు. ఆ మందుల్లో ఉండే బ్రొమాడయోలోన్ తిన్న ఎలుకను తింటే పిల్లికీ ఆ విషం ఎక్కుతుంది. పాలన్నం ఒక్కటే పెడితే కుదరదు. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే దాని చూపు, గుండె దెబ్బతింటాయి. ఉడికించిన చేప తలో, కోడి కార్జమో, గుడ్డో కలపాలి.

నిరుడు ఒకాయన కోళ్ల గంపలో పిల్లిని తెచ్చాడు. చెవులు, మూతి అదురుతున్నాయి, కాళ్లు కొట్టుకుంటున్నాయి. గేదెలకు పిడుదుల మందు కొట్టగా మిగిలిన నీళ్లు, గోమార్లు పోతాయని దీనికి పూశాడట. పిడుదులకు కొట్టే సైపర్‌మెత్రిన్ లాంటి మందుల్ని పిల్లి కాలేయం హరాయించుకోలేదు. వెంటనే సబ్బుతో కడిగి, మందులిచ్చి, రెండు రోజులు కనిపెట్టుకుంటే బతికింది. మీ కొట్టంలోనూ ఆ డబ్బా ఉండే ఉంటుంది, పిడుదుల మందు కొట్టిన రోజు పిల్లిని గదిలో పెట్టి తలుపేయమనండి. అమ్మకు జ్వరమొస్తే వేసుకునే పారాసెటమాల్ కూడా అంతే, ఒక్క మాత్ర చాలు పిల్లి చావడానికి.

ఇక కుక్క. అది మీకు ముందే ఉంది! అరుగు మీద పడుకునేదాని కంటే మంచి కాపలా ఎక్కడ దొరుకుతుంది? అమ్మ గొంతు దానికి తెలుసు, మన ఎండా వానా దానికి అలవాటే. మండల పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించి, ఏటా మళ్లీ వేయించండి. జులై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే జూనోసిస్ దినోత్సవం నాడు, ఉచితంగానే వేస్తుంటారు. మూడు నెలలకోసారి నట్టల మందు. చెవి కొస కత్తిరించి ఉంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయినట్టే, లేకపోతే చేయించండి. గంజిలో ఉల్లి, వెల్లుల్లి పడకుండా చూడమనండి.

కుక్క కరిచినా, పిల్లి రక్కినా పసర్లు, సున్నం పూయొద్దు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

పిల్లిపిల్లను రెండు నెలలు నిండాకే తల్లి నుంచి వేరు చేసి తెండి. మొదటి వారం కుక్క వచ్చే వేళకు పిల్లిపిల్లను గంప కింద మూసిపెడితే, రెండూ ఒకదాని వాసన ఒకటి మరుగుతాయి. కోడిపిల్లలున్నన్నాళ్లు గంప వాటికీ కావాలి, ఇంకొకటి కొనండి. తెచ్చింది ఆడపిల్లి అయితే ఆరో నెలలో దానికీ ఆపరేషన్ చేయించండి. లేదంటే వచ్చే ఏడాది ‘పిల్లిపిల్లలు ఎవరికైనా కావాలా’ అని మీరే మాకు మళ్లీ రాస్తారు.

– పశువైద్య శాస్త్రవేత్త, కృషి విజ్ఞాన కేంద్రం