విటమిన్ డి తక్కువుంటే నెలసరి తప్పుతుందా? గర్భం నిలవదా?

ప్రశ్న అడిగిన చెల్లికి ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. తిరుపతిలో పుట్టి, ఇక్కడే కాపురం చేస్తూ, పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదని మాటలు పడినదాన్ని.

నాకు 50, 60 రోజులకోసారి నెలసరి వచ్చేది. పీసీఓఎస్ అన్నారు, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య. మూడేళ్లు బిళ్లలు మింగాక ఒక డాక్టరమ్మ విటమిన్ డి పరీక్ష రాసింది. 9 వచ్చింది. 20 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క. "ఎండకు పోతావా అమ్మా?" అని అడిగితే నాకు ఒళ్లు మండింది. తిరుపతివాళ్లను అడగాల్సిన మాటేనా అది! రోజూ తెల్లవారుజామున అలిపిరి దాకా నడుస్తానన్నాను. "ఆ వేళ ఎండకు ఒంట్లో డి తయారుకాదు. పదకొండు నుంచి రెండు మధ్య ఎక్కడుంటావు?" అంది. ఎక్కడుంటాను, ఆఫీసులో అద్దం కిటికీ వెనక. బండెక్కితే మొహానికి స్కార్ఫు, మోచేతుల దాకా గ్లౌజులు.

మన ఊరి పెద్దాసుపత్రి స్విమ్స్ డాక్టర్లు తిరుపతి చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి, వాళ్లలోనూ ఈ లోపం బాగా ఎక్కువని 2007లోనే రాశారట. ఇన్నేళ్లయినా మా ఇళ్లల్లో ఒక్కరికీ తెలియదు. డి అంటే ఎముకలకే అనుకుంటాం. అండాశయంలో, గర్భసంచి లోపలి పొరలో, మావిలో కూడా దాన్ని అందుకునే రిసెప్టర్లున్నాయి.

వారానికొక 60,000 యూనిట్ల సాచెట్ ఎనిమిది వారాలు తాగమని, సెలవురోజుల్లో కాసేపు మధ్యాహ్నం ఎండలో కూర్చోమని చెప్పింది. సాచెట్ సులువే, ఎండే దొరకలేదు. మా అపార్ట్‌మెంట్ మిద్దెకు తాళం. ఆడవాళ్లకు మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఏం పని అన్నారు. నల్లబడతావని మా అత్త ఒకటే గోల. అప్పుడు చంద్రగిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన మా జేజి, "వడియాలు పెట్టాలని చెప్పి తాళంచెవి తీసుకురాపో" అంది.

మాఘమాసం. పాతచీర పరిచి బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టి, కాకులు తోలుకుంటూ ఇద్దరం కూర్చున్నాం. నేను జాకెట్టు చేతులు పైకి మడిచి, చేతుల్ని ఎండకు పెట్టాను. చెనక్కాయలు పెరికేటప్పుడు దినమంతా ఎండలోనే ఉంటిమి, మాకు ఈ పరీక్షలేవీ లేవే అంటూ మొదలుపెట్టిన జేజి ఉన్నట్టుండి ఆగింది. "మా చెల్లెలూ నా పక్కనే పెరికేది. పిల్లల్లేరని దాన్ని పుట్టింటికి తోలేసిరి. వాడు ఇంకోదాన్ని చేసుకునె. దానికీ పుట్టలే. అయినా వాణ్ణి ఎవురూ ఒక్కమాట అడగలే" అంది. అలాంటి చెల్లెలు ఒకరున్నారని నాకు అంతవరకూ తెలియదు. జేజి కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ కాకుల్ని తోలింది.

ఆ రాత్రే మా ఆయనతో చెప్పాను. మూడేళ్లలో నాకు ఎన్ని సూదులు, ఎన్ని స్కానింగులో! ఆయనకు చేయాల్సిన వీర్యపరీక్ష ఒక్కరూ రాయలేదు, మేమూ అడగలేదు. దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు కూడా కారణం ఉంటుందని డాక్టర్లే చెబుతారు కదా, మరి చీటీ ఆడదాని పేరు మీదే ఎందుకు రాస్తారు? పరీక్ష చేయిస్తే ఆయనకు కౌంట్ తక్కువని తేలింది.

నాలుగో నెలకల్లా నా నెలసరి 35 రోజులకు వచ్చింది. ఐదు కిలోలు తగ్గావు, అదీ కారణమే అంది డాక్టరమ్మ. నేను మాత్రం డి వల్లే అంటాను. నా ఒళ్లు నాకు తెలియదా? కానీ గర్భం సంగతి వేరు. ఇటలీలో ఐవీఎఫ్‌కు, అంటే ఒంటి బయట పిండం తయారుచేసి గర్భసంచిలో పెట్టే వైద్యానికి వచ్చిన, డి తక్కువున్న ఆడవాళ్లకు ఒకేసారి 6,00,000 యూనిట్లు ఇచ్చి చూసినా గర్భాలు పెరగలేదు. మాకు పాప పుట్టింది ఇద్దరం వైద్యం చేయించుకున్నాకే.

చెల్లీ, డి పరీక్ష చేయించుకో. మెడికల్ షాపులో అడిగి సాచెట్లు నెలల తరబడి తాగొద్దు, రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు దెబ్బ. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం కూర్చుని వడదెబ్బ తెచ్చుకోవద్దు. ఈసారి డాక్టర్ దగ్గరికి మీ ఆయన్నీ తీసుకెళ్లి, ఆయన పేరు మీద కూడా చీటీ రాయించు.