పాత క్యాసెట్ ప్లేయర్‌లో పాట, గొంతు సాగదీసినట్టు వస్తున్నాయి, రీలు చిక్కుకుంటోంది. మా నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటల క్యాసెట్ ఉంది, దానికి కాపీ లేదు. ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. మీరు చెప్పిన గొంతు సాగడం, రీలు చిక్కుకోవడం రెండూ చాలాసార్లు లోపలి రబ్బరు బెల్ట్ వల్లే వస్తాయి. కానీ మీ నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటల క్యాసెట్‌ను మాత్రం ఇప్పుడే అందులో పెట్టకండి. దానికి కాపీ లేదన్నారు కదా. పోయినా పర్వాలేదనుకునే క్యాసెట్‌తోనే పరీక్షించండి.

ముందు కొత్త సెల్స్ వేసి చూడండి. సెల్స్ తగిలే రేకులకు తెల్లటి పొడి పట్టి ఉంటే, అది ఆల్కలైన్ సెల్ కారింది అయితే ఇయర్‌బడ్‌తో కొంచెం వెనిగర్ రాసి, తుడిచి, బాగా ఆరనివ్వండి.

హనుమకొండలో మా బాపు వాడిన రెండు సెల్స్ ప్లేయర్‌కూ ఇదే సమస్య వచ్చింది. వెనక మూత విప్పితే బెల్ట్ కరిగిపోయి నల్లటి జిగురులా పుల్లీకి అంటుకుని ఉంది. మోటార్ నుంచి ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరిగేది ఆ సన్నటి రబ్బరుతోనే. అది వదులైతే పట్టు జారి పాట సాగుతుంది. రీలును చుట్టుకునే చక్రం ఆగిపోయి, క్యాప్‌స్టన్ కడ్డీ మాత్రం రీలును తోస్తూనే ఉంటే, ఆ రీలు పోయే దారి లేక రబ్బరు రోలర్‌కు చుట్టుకుంటుంది. అలా ఇరుక్కున్నప్పుడు క్యాసెట్‌ను గుంజకండి. ఫ్లైవీల్‌ను వేలితో మెల్లగా వెనక్కి తిప్పితే రీలు తెగకుండా వస్తుంది.

జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తీసేయాలి, మరక కూడా మిగలకూడదు. పాత బెల్ట్ సాగిపోయి ఉంటుంది కాబట్టి దాని కొలత నమ్మొద్దు. బెల్ట్ తిరిగే దారి చుట్టూ దారం పెట్టి కొలిచి, అంతకంటే 5 నుంచి 10 శాతం చిన్నది తీసుకోండి. మరీ బిగుతైతే మోటార్ మీద భారం పడుతుంది. లోకల్ షాపుల్లో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. ఆఫీసుల్లో వాడే రబ్బర్ బ్యాండ్ మాత్రం వేయకండి, పాట వణుకుతుంది.

మూత తీసే ఉంటుంది కాబట్టి హెడ్ (రీలు మీది పాటను చదివే భాగం), క్యాప్‌స్టన్ కూడా అదే ఆల్కహాల్‌తో తుడవండి. హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న స్క్రూ జోలికి పోవద్దు. అది కదిలితే పాటలో పదును పోతుంది.

చాలామంది మొదటే మోటార్ వెనక రంధ్రంలోని స్పీడ్ స్క్రూ తిప్పేస్తారు. అది ఆఖర్న చేసే పని. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. పరీక్షకు పెట్టిన క్యాసెట్‌లోని సినిమా పాటనే ఫోన్‌లో కూడా పెట్టి, రెండూ ఒకేసారి అయిపోతున్నాయా చూడండి. క్యాసెట్‌లో ఎక్కువసేపు పడితేనే ఆ స్క్రూను వెంట్రుకవాసి కదిలించండి.

అంతా కుదిరాక నాయనమ్మ క్యాసెట్ పెట్టండి. అయితే మొదటిసారి వినేటప్పుడే ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు కలిపి కంప్యూటర్ లైన్-ఇన్‌లో (బయటి శబ్దం లోపలికి తీసుకునే రంధ్రం) రికార్డు చేసేయండి. రెండోసారికి ఆ రీలు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.