కొబ్బరి పీచు నుంచి సూక్ష్మరంధ్రాల కార్బన్ ఎలా తయారవుతుంది?

పీచును కాలిస్తే బూడిదే కదా మిగిలేది, దాంతో కార్బన్ ఎలా చేస్తారని అడిగారు. కిటుకంతా గాలి తగలనివ్వకపోవడంలోనే ఉంది. గాలి తగిలితే కార్బన్ కాస్తా కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. అందుకే మూసిన కొలిమిలో, నైట్రోజన్ పంపుతూ దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. నీరు, తారు, వాయువులు బయటికి పోయి నల్లటి బొగ్గు పీచు మిగులుతుంది. వేళ్లతో నలిపితే పొడైపోతుంది గానీ, చూడ్డానికి పోగు పోగులాగే ఉంటుంది.

ఇంతవరకూ అది మామూలు బొగ్గే. అసలు పని తర్వాతిది. 800–900 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పంపితే, అది కార్బన్‌ను అక్కడక్కడా కొరుక్కుతింటుంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వెలువడతాయి. కొరికిన చోటల్లా రంధ్రమే. చాలావాటి వెడల్పు 2 నానోమీటర్ల లోపే! బాగా కుదిరితే ఒక్క గ్రాములో 1,000 చదరపు మీటర్ల ఉపరితలం, అంటే పావు ఎకరం, వస్తుంది. ఆవిరికి బదులు పొటాషియం హైడ్రాక్సైడ్ అనే ఘాటైన క్షారం కలిపి వేడి చేస్తే రంధ్రాలు ఇంకా పెరుగుతాయి, కానీ తర్వాత ఆమ్లంతో, నీళ్లతో కడగడం పెద్ద తలనొప్పి.

పత్తితోనూ చేయొచ్చు. కాకపోతే మొక్కలకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం కొబ్బరి పీచులో ఎక్కువ కాబట్టి బొగ్గు ఎక్కువ మిగులుతుంది. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి, ఆ మోనాక్సైడ్ విషం.