ఆత్మజ్ఞానం పొందినవారికి కూడా రోగాలు ఎందుకు వస్తాయి?

వేదాంతం ప్రకారం, జ్ఞానం కలిగినా ఈ శరీరానికి కారణమైన ప్రారబ్ధ కర్మ అనుభవిస్తేనే తప్ప తీరదు కాబట్టి, జ్ఞాని దేహానికీ రోగాలు వస్తాయి. జ్ఞానంతో పూర్వజన్మల్లో పోగైన కర్మ, అంటే సంచితం, నశిస్తుంది, ఇకపై చేసే పనుల ఫలమైన ఆగామి అంటదు. కానీ ఫలమివ్వడం మొదలుపెట్టిన ప్రారబ్ధం మాత్రం, వింటి నుంచి వెలువడిన బాణంలా, తన వేగం తీరేదాకా సాగుతుంది. ఉదాహరణకు, తిరువణ్ణామలైలో ఆత్మజ్ఞానిగా పేరొందిన రమణ మహర్షి ఎడమ చేతి మీద లేచిన సార్కోమా (ఒక రకం క్యాన్సర్) కణితికి 1949లో పలుమార్లు శస్త్రచికిత్స జరిగింది. 1950 ఏప్రిల్ 14న ఆయన దేహం చాలించారు.

రోగాన్ని పాపానికి శిక్షగానో, సాధనలో లోపంగానో చూడటం పొరపాటు, రోగిపట్ల అన్యాయం కూడా. అంతకన్నా ప్రమాదకరమైనది, అంతా కర్మేనని వైద్యం మానేయడం: ఆయుర్వేదం సైతం దైవంతో, అంటే పూర్వకర్మతో, పాటు పురుషకారానికి, అంటే మనిషి ప్రయత్నానికి, చోటిచ్చి, ఆహార విహారాల్లోని లోపాలను రోగాలకు ముఖ్య కారణాలుగా చెబుతుంది.